ఆ మోకాలితో ఆమెకేం పనుంది?

హనుమకొండ

బిడ్డా,

నీకు కాకతీయ మెడికల్ కాలేజీలో ఆర్థోపెడిక్స్ పీజీ సీటు వచ్చిందని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. ఆ సంతోషంలో ఇల్లిల్లూ తిరిగి అందరికీ చెప్పొచ్చాను. ‘ఆడపిల్లకు బొక్కల డాక్టర్ చదువెందుకు, సుత్తె, డ్రిల్లు పట్టుకునే పని కదా’ అన్నవాళ్లూ ఉన్నారు. ఆ మాట మనసులో పెట్టుకోకు. తుంటి నొప్పి గురించో, నడుము నొప్పితో పాటు మూత్రం ఆగడం లేదన్న సంగతి గురించో మగ డాక్టరుకు చెప్పలేక, ఆయన అవతలికి పోయేదాకా ఆగి నాకు చెప్పిన ఆడవాళ్లు ఎంతమందో. ఇకమీదట వాళ్లు నేరుగా నీకే చెప్పుకుంటారు.

ఆపరేషన్ నేర్పేవాళ్లు నీకు చాలామంది దొరుకుతారు. ఎక్స్‌రే చదవడం, రాడ్ వేయడం, పిండికట్టు సరిగ్గా ఆరేదాకా పట్టుకోవడం, అన్నీ నేర్పుతారు. ఎముకల వార్డులో నర్సుగా పనిచేసిన మీ పెద్దమ్మ చెప్పగలిగింది వేరే. పరీక్ష రాసేముందు, వైద్యం ఖాయం చేసేముందు, ఎదురుగా ఉన్న మనిషికి ఏం కావాలో అడగాలి. అడిగి, జవాబు వచ్చేదాకా ఆగాలి.

పొద్దున రౌండ్స్ అయిపోయి డాక్టర్లు పక్క వార్డుకు వెళ్లగానే మంచాల దగ్గర మాటలు మొదలయ్యేవి. ‘సిస్టరమ్మా, సార్ ఏమన్నడు?’ అని మొదట అడుగుతారు. నేను విడమరిచి చెప్పాక అసలు ప్రశ్నలు బయటికొస్తాయి. ‘నాట్ల వరకు లేస్తనా?’ ‘దొడ్డికి కూసొనొస్తదా?’ ‘కింద కూసొని తినొచ్చా?’ ‘మిర్చి ఏరబోవచ్చా?’ ‘మా బిడ్డ పెండ్లి ఉన్నది, అప్పటికి కట్టు ఇప్పుతరా?’ ఇవేవీ కేస్ షీటులో ఉండవు. అందులో ‘మోకాలి కీళ్లవాతం, నాలుగో దశ’ అని ఉంటుంది. ఆ రాత నిజమే. కానీ ఆ మోకాలితో ఆమెకు ఏం పనుందో ఆ కాగితానికి తెలియదు.

ఒకే రకం ఎక్స్‌రే ఉన్న ఇద్దరిని తీసుకో. ఒకరు కొత్తవాడలో జంపఖానాలు నేసే మనిషి. పొద్దస్తమానం మగ్గం ముందు కూర్చుని కాళ్లతో తొక్కాలి. ఇంకొకరు రిటైరైన టీచరమ్మ. ఆమె దిగులంతా మేడ మెట్ల గురించే. మోకాలు మార్చాక బాసింపట్టు వేసుకుని కింద కూర్చోవద్దని, గొంతుకూర్చోవద్దని చాలామంది సర్జన్లు చెబుతారు. టీచరమ్మకు ఆ షరతు పెద్ద లెక్క కాదు. ఇంట్లో కమోడ్ ఉంది, కుర్చీలున్నాయి. మగ్గం ముందు కూర్చునే మనిషికి అదే షరతు బతుకు తీరునే మార్చేస్తుంది. నొప్పి పోతుందంటే అది కూడా సరేననవచ్చు, అననూ వచ్చు. ఎటైనా ఆ సంగతి ఆపరేషన్‌కు ముందే తెలియాలి. డిశ్చార్జి రోజున, మందుల చీటీతో పాటు చెప్పే మాట కాదది.

జైపూర్ పాదం సంగతి చదివే ఉంటావు, అయినా మళ్లీ చెబుతాను. 1960లలో జైపూర్ ఆసుపత్రిలో కాలు పోయినవాళ్లకు విదేశీ పద్ధతిలో చేసిన కృత్రిమ పాదాలు పెట్టేవాళ్లు. దానికి బూటు తొడగాలి. చీలమండ దగ్గర వంగదు, నీళ్లు తగిలితే పాడవుతుంది. రోగులు ఇంటికెళ్లి దాన్ని మూలన పడేసి మళ్లీ చంకకర్రలు పట్టుకున్నారు. చెప్పిన మాట వినరు, చదువు లేనివాళ్లు అని విసుక్కుని ఊరుకుంటే కథ అక్కడితో అయిపోయేది. డాక్టర్ పి.కె. సేఠీ, రామచంద్ర శర్మ అనే పనివాడు కలిసి వాళ్లకేం కావాలో చూశారు. వాళ్లు వట్టికాళ్లతో తడి పొలంలో నడవాలి, గొంతుకూర్చోవాలి, గుడికి చెప్పులు లేకుండా వెళ్లాలి. 1968 ప్రాంతంలో రబ్బరుతో చేసిన జైపూర్ పాదం అలా పుట్టింది. సేఠీగారికి 1981లో మెగసెసే అవార్డు వచ్చింది. రోగులు వద్దన్న కారణం ఏమిటో ఆయన తెలుసుకోవాలనుకున్నారు చూడు, నేను ఆయనను తలుచుకునేది అందుకే.

ఇక పరీక్షలు. ఓపీలో నువ్వు ఎక్కువగా వినబోయే మాట ‘స్కానింగ్ రాయండి మేడం’ అన్నది. నడుము నొప్పి మొదలై వారం కూడా కాదు, ఎమ్మారై కావాలంటారు. పక్కింటివాళ్లు తీయించుకున్నారు, ఆర్‌ఎంపీ డాక్టర్ తీయించుకొమ్మన్నాడు, లేదా ఇంతకుముందు చూపించుకున్న చోట డాక్టరు తల ఎత్తి చూడలేదు. నా అనుభవంలో మూడోదే పెద్ద కారణం. స్కానింగ్ రాస్తే తన నొప్పిని నిజమని ఒప్పుకున్నట్టు, రాయకపోతే కొట్టిపారేసినట్టు అనుకుంటారు. అలాంటివాళ్లను పడుకోబెట్టి, కాలు ఎత్తి చూసి, వేళ్ల బలం చూసి, ఎక్కడ తిమ్మిరో గుచ్చి అడిగిన డాక్టర్ల దగ్గర సగంమంది స్కానింగ్ మాటే మర్చిపోవడం నేను చూశాను.

1994లో అమెరికాలో నడుము నొప్పి అసలే లేని 98 మందికి ఎమ్మారై తీసి చూశారు. అన్ని డిస్కులూ సరిగ్గా ఉన్నవాళ్లు నూటికి 36 మందే తేలారు. సగం మందికి పైగా ఏదో ఒకచోట డిస్కు ఉబ్బి ఉంది. వాళ్లంతా హాయిగా తిరుగుతున్న మనుషులు! మన దగ్గర అదే రిపోర్టు చేతికొస్తే ‘నరం ఒత్తుకుందట, డిస్కు జారిందట’ అని మంచం దిగరు. వంగడం మానేస్తారు, బిందె ఎత్తడం మానేస్తారు, పనికి పోవడం మానేస్తారు. ఆ భయం నొప్పి కంటే ఎక్కువ కాలం ఉంటుంది. కాబట్టి పరీక్ష రాసేముందు ‘దీని ఫలితం ఎలా వచ్చినా మనం చేసేది మారుతుందా?’ అని నిన్ను నువ్వు ప్రశ్నించుకో. మారదనుకుంటే ఆ మాట రోగికి అర్థమయ్యేలా చెప్పు. అవసరం లేదు పో అనకు. ఇప్పుడెందుకు వద్దో, ఏం జరిగితే కావాల్సి వస్తుందో, ఎన్ని వారాలకు మళ్లీ రావాలో చెప్పు.

అట్లాగని పరీక్షలు తగ్గించడమే గొప్పతనం అనుకోకు. మనది క్షయ ఉన్న దేశం. సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం, రాత్రిళ్లు నిద్ర పట్టనీయని నడుము నొప్పి ఉంటే వెన్నెముక క్షయ అయ్యుండొచ్చు. అప్పుడు స్కానింగ్ ఆలస్యమైతే కాళ్లు చచ్చుబడిపోతాయి. మూత్రం పట్టు తప్పినా, కూర్చునే చోట స్పర్శ తెలియకపోయినా, పాదం బలం తగ్గుతున్నా అదే తొందర కావాలి. డబ్బుకు భయపడి ‘వద్దులే మేడం, గోలీలు రాయండి’ అనేవాళ్లు సరిగ్గా ఇక్కడే ఉంటారు. వాళ్లు వద్దన్నారు కదా అని గోలీలు రాసి పంపేస్తే అది వాళ్ల ఇష్టాన్ని గౌరవించడం కాదు. ఎంతవుతుందో, సర్కారు దవాఖానలో ఎప్పుడు తీస్తారో, తీయకపోతే ఏం పోతుందో వాళ్లకు తెలిస్తేనే వద్దనడంలో ఇష్టం అనేది ఉంటుంది. తెలియకుండా వద్దంటే అది భయమే.

ఇంకొక చిన్న సంగతి. మందులైనా, పరీక్షలైనా తనకు నచ్చిన చోట తీసుకునే హక్కు రోగికి ఉందని జాతీయ మానవ హక్కుల కమిషన్ 2018లో తయారుచేసిన రోగుల హక్కుల పత్రంలో రాశారు. రెండో డాక్టరును సంప్రదించే హక్కు, తన రిపోర్టులు తాను తీసుకునే హక్కు కూడా అందులో ఉన్నాయి. పాత ఎక్స్‌రే సంచిలో తెచ్చుకున్న మనిషికి ‘ఇది మా దగ్గర తీసింది కాదు’ అని కొత్తది రాయకు. ముందు ఆ పాతదాన్ని వెలుతురుకు పెట్టి చూడు.

పుత్తూరు కట్టు గురించి నీకు నీ సీనియర్లు నవ్వుతూ చెబుతారు. నువ్వు నవ్వకు. పుత్తూరు పక్కన రాచపాలెంలో రాజుల కుటుంబం తరాల నుంచి వేస్తున్న ఆ కట్టు కోసం ఇప్పటికీ దూరాల నుంచి జనం పోతారు. ఆకు పసరు, కోడిగుడ్డు సొన, వెదురు బద్దలు, గుడ్డ పట్టీ. ఆ ఊరి పేరు బోర్డుగా పెట్టుకున్న కట్టువాళ్లు తెలుగు నేలంతా ఉన్నారు. జనం ఎందుకు పోతారో నేను రోగులనే అడిగేదాన్ని. కోయరు అన్నారు. మంచం మీద ఉంచరు, అదే రోజు ఇంటికొస్తాం అన్నారు. డబ్బు తక్కువ అన్నారు. ఒక ముసలాయన మాత్రం ‘చేత్తో పట్టి చూస్తడు బిడ్డా, మాట్లాడుకుంటనే కడతడు’ అన్నాడు. మొదటి మూడింటికీ మన దగ్గర పూర్తి జవాబు లేకపోవచ్చు. ముసలాయన మాటకు మాత్రం ఉంది. రోజూ నీ రెండు చేతులతో నువ్వివ్వగలిగిన జవాబు అది.

నాటు కట్టుతో అతుక్కునే ఎముకలు చాలానే ఉన్నాయి, లేకపోతే అన్ని తరాలు జనం పోరు. ఎముక స్థానం తప్పనప్పుడు, కదలకుండా ఉంచితే అతుక్కుంటుంది. ఏ విరుపు కట్టుకు లొంగదో గుర్తుపట్టకుండా కట్టేయడం వల్లే ముప్పు వస్తుంది. పిల్లలు జామచెట్టు మీంచి పడి మోచేతి పైన విరగ్గొట్టుకొస్తారు. లోపల వాపు పెరుగుతుంటే పైన కట్టు బిగిస్తే రక్తం ఆడదు. కొన్ని గంటల్లోనే ముంజేతి కండరాలు చచ్చి, వేళ్లు కొంకర్లు పోతాయి. ఆ చెయ్యి మళ్లీ మామూలుగా రాదు. అలాంటి పిల్లల చేతులు చూశాను, మర్చిపోలేను.

అందుకని, ‘మేం కట్టు కట్టించుకుంటం, పేరు కొట్టేయండి’ అని సంతకం పెట్టి వెళ్లిపోతున్న తల్లిదండ్రులను తిట్టి పంపకు. వాళ్లు నీ మాట వినే ఆఖరి రెండు నిమిషాలవి. నొప్పి తగ్గకుండా పెరుగుతుంటే, వేళ్లు చల్లబడితే, రంగు మారితే, తిమ్మిరెక్కితే, వేళ్లు చాపితే పిల్లవాడు కెవ్వుమంటే, కట్టు వెంటనే కోసేసి, అర్ధరాత్రైనా సరే తిరిగి రమ్మని చెప్పు. వస్తే తిట్టనని కూడా చెప్పు. తిడతారన్న భయంతో తెల్లారేదాకా ఆగేవాళ్లున్నారు. నువ్వు చెప్పిన వైద్యం వద్దన్న మనిషి కూడా నీ రోగే.

ఆపరేషన్ల దగ్గరికొస్తే, ఏది రోగి ఇష్టానికి వదలవచ్చో, ఎక్కడ నువ్వు గట్టిగా నిలబడాలో తేడా తెలియాలి. డెబ్బై దాటిన ముసలమ్మ బాత్‌రూములో జారి మణికట్టు విరగ్గొట్టుకుంటుంది. ప్లేటు వేస్తే ఎక్స్‌రేలో ఎముక చక్కగా కనబడుతుంది. పిండికట్టు వేస్తే కొంచెం వంకర ఉండిపోవచ్చు. అయినా ఆ వయసువాళ్లలో ఏడాది తిరిగేసరికి చేతి పనిలో రెంటికీ పెద్ద తేడా కనబడలేదని పలు పరిశోధనలు చెప్పాయి. మరి ఆమెనే అడుగు. వంకర ఉన్నా సరే కోత వద్దంటుందా, త్వరగా చెయ్యి ఆడాలంటుందా? ఇక్కడ రెండూ సరైన జవాబులే.

తుంటి ఎముక విరిగితే అలా కాదు. ‘ఈ వయసులో ఆపరేషన్ ఎందుకు మేడం, ఇంటికి తీసుకపోతం’ అని కొడుకులు అంటారు. ప్రేమతోనే అంటారు చాలామంది, ఖర్చుకు జంకి కొందరు. మంచంలో ఉంచితే నొప్పితో పక్కకు తిరగలేక పుండ్లు పడతాయి, ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరుతుంది, కాళ్లలో రక్తం గడ్డకడుతుంది. శరీరం తట్టుకునేలా ఉంటే రెండు రోజుల్లోపు ఆపరేషన్ చేయడం మేలు. ఇది ముసలివాళ్లను పరుగెత్తించడానికి కాదని, లేపి కూర్చోబెట్టడానికని చెప్పు. చెప్పేటప్పుడు కొడుకుల వైపు మాత్రమే చూసి చెప్పకు. మంచం మీద ఆ ముసలమ్మ వింటూనే ఉంటుంది. ఆమె తలకాయ మీదుగా జరిగే ఆ సంభాషణ నాకు వార్డులో అన్నిటికంటే కష్టంగా ఉండేది. ఆమెకు చెవుడని అంటారు. దగ్గరికి పోయి చెవిలో అడిగితే చాలాసార్లు జవాబు చక్కగా వస్తుంది. ‘నాకు నొప్పి పోవాలె, నా పని నేను చేసుకోవాలె’ అంటుంది. ఒక్కోసారి ‘నాకేమొద్దు, ఇంటికి తోల్కపొండి’ అంటుంది. తెలివిలో ఉండి, అన్నీ విని, ఆమె ఆ మాట అంటే, నొప్పి తగ్గించే ఏర్పాటు చేసి ఆమె మాట నిలబెట్టాల్సింది నువ్వే.

ఇది నా చాదస్తం కాదు, చట్టం. సమీరా కోహ్లీ కేసులో సుప్రీంకోర్టు 2008 జనవరిలో తీర్పిచ్చింది. ఆమె 44 ఏళ్ల మనిషి, పొట్టలో పరీక్ష కోసమని మత్తులో ఉండగా, బయట ఉన్న తల్లి సంతకం తీసుకుని గర్భసంచి తీసేశారు. తెలివి ఉన్న పెద్దమనిషి విషయంలో, ప్రాణం మీదికి రాని పరిస్థితిలో, తల్లి ఒప్పుకోలు చెల్లదని కోర్టు చెప్పింది. పరీక్షకు ఒప్పుకుంటే వైద్యానికి ఒప్పుకున్నట్టు కాదనీ చెప్పింది. ఏం చేస్తారో, వేరే దారులేమున్నాయో, ముప్పేమిటో, చేయించుకోకపోతే ఏమవుతుందో రోగికి ముందే చెప్పాలని చెప్పింది. అయినా ఇంగ్లిషులో అచ్చేసిన కాగితం మీద రాత్రిపూట అటెండెంటు చేత వేలిముద్ర వేయించడం ఇంకా ఎన్నోచోట్ల నడుస్తోంది. నీ చేతుల మీదుగా మాత్రం జరగనీయకు. తెలుగులో చదివి వినిపించు, ‘నీకు ఏం అర్థమైందో నాకు చెప్పమ్మా’ అని ఆమె నోటితో చెప్పించు.

మోకాలి మార్పిడి గురించి కొంచెం విడమరిచి రాస్తాను, ఎందుకంటే ఇది తొందరలేని ఆపరేషన్. ఆలోచించుకునే టైముంది. 2015లో డెన్మార్క్‌లో మోకాలు మార్చాల్సిన దశలో ఉన్న వంద మందిని రెండు జట్లు చేశారు. ఒక జట్టుకు మార్పిడి చేసి, తర్వాత వ్యాయామం చేయించారు. రెండో జట్టుకు వ్యాయామం, బరువు తగ్గడం, చెప్పుల్లో అట్టలు, మందులు మాత్రమే ఇచ్చారు. ఏడాదికి మార్పిడి చేయించుకున్నవాళ్లకే నొప్పి బాగా తగ్గింది. కానీ రెండో జట్టూ మెరుగైంది, అందులో నాలుగో వంతు మందే ఆ ఏడాదిలో ఆపరేషన్‌కు వచ్చారు. పెద్ద ఇబ్బందులు ఆపరేషన్ జట్టులో ఎక్కువ. ఈ మొత్తం రోగికి చెప్పాలి. ఒక సగం చెబితే ఆపరేషన్ అమ్మినట్టు, ఇంకో సగం చెబితే ఆపరేషన్‌కు అడ్డుపడినట్టు. అరిగిన మోకాలిలో గొట్టం పెట్టి కడిగే ఆపరేషన్ సంగతి వేరు. 2002లో హ్యూస్టన్‌లో 180 మంది మీద చూసినప్పుడు, చర్మం మీద ఉత్త కోత పెట్టినవాళ్ల కంటే నిజంగా కడిగినవాళ్లు ఏమీ ఎక్కువ బాగుపడలేదు. దాన్ని ఎవరైనా అడిగినా నువ్వు ఒప్పుకోనక్కర్లేదు.

డబ్బు మాట ఎత్తడానికి మొహమాటపడకు. ‘ఆరోగ్యశ్రీల వస్తదా?’ అన్నది మన దగ్గర మొదటి ప్రశ్న, అదేమీ తక్కువ ప్రశ్న కాదు. నీకు తెలియకపోతే ఆరోగ్యమిత్ర దగ్గరికి తీసుకెళ్లి అడిగించు. 2017 ఆగస్టులో కేంద్రం మోకాలి ఇంప్లాంట్లకు ధర కట్టింది. మామూలుగా వాడే కోబాల్ట్ క్రోమియం రకానికి అప్పట్లో జీఎస్టీ కాకుండా 54,720 రూపాయలు. అంతకుముందు లక్షన్నర దాకా తీసుకునేవాళ్లు. అయితే ఇంప్లాంటు ధరే మొత్తం బిల్లు కాదు. మంచం, మత్తు, మందులు, తర్వాత ఫిజియోథెరపీ, ఇంట్లో ఇద్దరి కూలి పోవడం, అన్నీ లెక్కలోకి వస్తాయి. పత్తి అమ్మి ఏనుమాముల మార్కెట్ నుంచి డబ్బు చేతికొచ్చేదాకా ఆగుతామంటే, ఆగితే వచ్చే నష్టం పెద్దగా లేకపోతే, ఆగనీయి. తేదీ రాసివ్వు.

చివరగా ఒకటి. నువ్వు ఇవన్నీ శ్రద్ధగా చెప్పాక చాలామంది చేతులు జోడించి ‘మాకేం తెలుసు మేడం, మీ ఇష్టం’ అంటారు. అప్పుడు కొంతమంది డాక్టర్లు ‘నేను చెప్పాల్సింది చెప్పాను, మీరే తేల్చుకోండి’ అని తప్పుకుంటారు. అది నాకు నచ్చదు. బరువు మోయలేక నీకు అందించిన మనిషికి దాన్ని తిరిగి నెత్తిన పెట్టి వెళ్లిపోవడం అది. ‘మీ అమ్మకైతే ఏం చేస్తరు బిడ్డా?’ అని అడిగితే నిజం చెప్పు. ఆమె పని, ఆమె ఇల్లు, ఆమె భయం అన్నీ విన్న తర్వాత చెప్పే సలహా అయితే, ‘మీ ఇష్టం’ అన్న ఆ మాటలో కూడా ఆమె ఇష్టం ఉన్నట్టే.

రోజుకు అంత ఓపీలో ఇంత మాట్లాడే టైమెక్కడ అంటావు. నిజమే, అందరితో కుదరదు. ఆపరేషన్ రాస్తున్నవాళ్లతో, ఖర్చయ్యే పరీక్ష రాస్తున్నవాళ్లతో, వద్దని వెళ్లిపోతున్నవాళ్లతో కుదుర్చుకో. మిగిలినవాళ్ల సంగతి మీ వార్డు సిస్టర్లకు చెప్పు. ఏం చెప్పాలో వాళ్లకు తెలిస్తే నీ బదులు వాళ్లు చెబుతారు.

వచ్చే ఆదివారం డ్యూటీ లేకపోతే ఇంటికి రా. మా వీధి చివర కిరాణా కొట్టు నడిపే ఆమెకు రెండు మోకాళ్లూ మార్చాలని ఒక చోట, ఇప్పుడే వద్దని ఇంకో చోట చెప్పారట. ఎవరి మాట వినాలో తెలియక నన్నడుగుతోంది. కాగితాలన్నీ వరసగా పెట్టి ఉంచమన్నాను. పదింటికల్లా కొట్టు కోడలికి అప్పజెప్పి వస్తానంది.

ఆశీస్సులతో,
నీ పెద్దమ్మ